పాటకెన్ని చుక్కలు?

“ఇది వినండి. అయిదుకి ఎన్ని చుక్కలో చెప్పండి.”

భార్య కంప్యూటర్‌లో పాట నొక్కి, కుర్చీ వడ్రంగి వైపు తిప్పుకుని కూర్చుంది. అతను స్టూలు కాలికి రుద్దుతున్న గరుకు కాగితం పక్కన పడేసి, చేతులకంటిన పొడి దులుపుకున్నాడు. పాట అయ్యేదాకా కదల్లేదు.

“అయిదు.”

“అయిదా!” ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. “పెళ్ళైన కొత్తలో ఈ పాటొస్తే చాలు, రేడియో కట్టేసేవారు. ఏడుపుగొట్టు పాట అనేవారు.”

“అప్పుడు చెవులే ఉండేవి. బుద్ధి ఎక్కడిది?”

ఆమె నవ్వి, తెర మీద పాట పేరు పక్కన అయిదు చుక్కలూ వెలిగించింది.

రంపం మిషన్ల మధ్య బతికిన మనిషి. ఆ రొద కొంచెం కొంచెంగా అతని చెవుల్ని తినేసింది. చివరికి పక్కన కూర్చుని పిలిచినా పలకని స్థితి వచ్చింది. ఇంట్లో మాటలు సైగలయ్యాయి. ఆ తర్వాత సైగలూ తగ్గిపోయాయి. పాటంటే ప్రాణం పెట్టే ఆమె, తనొక్కతే వింటుంటే తప్పు చేసినట్టుగా ఉందని స్పీకర్లకు గుడ్డ చుట్టి అటకెక్కించేసింది. చెవికి మిషన్ పెట్టే ఆపరేషన్ అంటే అతను భయపడితే, ఒప్పించిందీ ఆమే. “మళ్ళీ ఇద్దరం కలిసి పాటలు విందాం, రండి” అంటూ చేయి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

ఇప్పుడు అతని చెవి వెనక చిన్న మిషన్ ఉంది. ఆమె వంటింట్లోంచి మాట్లాడినా ముందు గదిలోంచి జవాబు వస్తోంది. స్పీకర్లు అటక దిగాయి.

ఆమె పని చేసేది మందుల షాపులో. పాత క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్నవీ, చెల్లెలు పంపినవీ, ఎక్కడెక్కడివో పాటలన్నీ కంప్యూటర్‌లో కుప్పగా పడి ఉండటం ఆమెకు కంటగింపుగా ఉండేది. అందుకే సెలవు దొరికితే చాలు, ఒక్కో పాటా అతనికి వినిపించడం, చుక్కలు వేయించడం, అరల్లో సర్దడం.

“దగ్గు మందూ జ్వరం మందూ ఒకే అరలో పెడతామా? పాటలైనా అంతే” అంది.

“అయితే ఈ అర దేనికి?”

“ఇది ‘రంపం పనికి’. హుషారైనవి. ఇది ‘వంటకి’. ఇదేమో ‘అలిగినప్పుడు’.”

“అలిగేదెవరు?”

“మీరే. నాకంత తీరికెక్కడిది?”

ఇంకో పాట మొదలైంది. ఇంతలో ఎదురింటావిడ తలుపు తట్టి, ఈ బిళ్ళ తిన్నాక వేసుకోవాలా, తినకముందా అని అడుగుతూ ఆమెను గుమ్మంలోనే నిలబెట్టేసింది. తిరిగి వచ్చేసరికి పాట కాస్తా అయిపోయింది.

“ఎన్ని?”

అతను తడబడ్డాడు. “మళ్ళీ పెట్టు.”

“ఇప్పుడేగా విన్నారు!”

“తొందరపడి తక్కువ వేస్తే పాడినవాళ్ళ ఉసురు తగులుతుంది. పెట్టవోయ్.”

ఆమె మళ్ళీ పెట్టింది. సగం కాకుండానే ఆవలింత వచ్చి చేయి అడ్డం పెట్టుకుంది.

“రెండు” అన్నాడు.

“అమ్మయ్య! నేనూ అదే అనుకున్నాను. ఒకప్పుడు మీరు ఉత్తరమంటే నేను దక్షిణం. ఇప్పుడు చూడండి, ఒక్క పాట దగ్గరా మనకి తేడా రావట్లేదు.” “ఈ మిషన్ పెట్టించి మంచి పని చేశాను కదండీ?”

“చాలా మంచి పని చేశావు.” ఆ మాట అతను మనస్ఫూర్తిగానే అన్నాడు. “ఊఁ, తర్వాతది పెట్టు.”

పాటలన్నీ సర్దడం పూర్తయ్యాక మిషన్ చూపించుకోవడానికి ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరమ్మ పరీక్షలు ముగించగానే, ఆమె ఆ పాటలన్నీ ఎక్కించుకున్న ఫోన్ ఆత్రంగా తీసి ముందు పెట్టింది.

“చూడండి డాక్టర్‌గారూ! ఇన్ని పాటలకీ ఈయనే చుక్కలు వేశారు. ఒక్కటీ వదల్లేదు.”

“భలే ఓపికమ్మా మీ ఇద్దరికీ” అంది డాక్టరమ్మ.

“ఓపికేముందండీ, ఇన్నాళ్ళూ బాకీ పడ్డాం కదా!” అని నవ్వి, మిషన్‌కి బ్యాటరీలు తీసుకొస్తానంటూ ఆమె బయటికి వెళ్ళింది.

డాక్టరమ్మ అతని వైపు తిరిగింది.

“మాటలు చక్కగా పట్టుకుంటున్నారు. సంతోషం. కానీ ఈ మిషన్‌తో పాట వింటే ఒట్టి రొదలా ఉంటుందని చాలామంది అంటారు. మీరేమో పాటకీ పాటకీ తేడా పట్టి మరీ చుక్కలు వేశారు. ఎలా వేయగలిగారండీ?”

వడ్రంగి తలుపు వైపు చూశాడు. అది పూర్తిగా మూసుకునేదాకా ఆగి, గొంతు తగ్గించి చెప్పాడు.

“మా ఆవిడ మొహం చూసి వేశానమ్మా.”