చెరగని రికార్డు

“గెలుస్తున్న పిల్లని మధ్యలో దింపేస్తుందా మీ కోచ్? మనిషేనా!”

సింగపూర్‌లోని పాసిర్ రిస్ హాకర్ సెంటర్‌లో, వరస తిండి దుకాణాల మధ్య తన దోసెల స్టాల్ కట్టేసి ఫ్లాట్‌కి వచ్చిన కుమారమ్మ, మనవరాలు రజిత కుడి భుజానికి నువ్వులనూనె రాస్తూ రుసరుసలాడింది.

“బేస్‌బాల్‌లో మా ఏజ్‌కి ఇన్ని బంతులే వేయాలని లిమిట్ ఉంది, అమ్మమ్మా. అవి వేసేశాక దింపాల్సిందే లాహ్.”

“ముప్పై ఏళ్లు ఇదే చేత్తో దోసెలు వేశాను. ఒక్కపూట స్టాల్ మూశానా?”

“పూర్వం అమెరికాలో ఒకాయన కూడా నీలాగే. ఏడు వందల నలభై తొమ్మిది మ్యాచ్‌ల్లో మొదట్నించి చివరిదాకా తనే బంతులు వేశాడు. ఆ రికార్డు ఇంకెవ్వరూ కొట్టలేరు.”

“చూశావా! ఆ కాలం మనుషుల సత్తా అది.”

“సత్తా ఒక్కటే కాదు. ఇప్పుడు ఎవర్నీ అంతంత వేయనివ్వరు. చెయ్యి పోతుందని ముందే దింపేస్తారు.”

కుమారమ్మ లేచి నూనె సీసా పై అరలో పెట్టబోయింది. కుడిచెయ్యి భుజం దాటి లేవలేదు. అలవాటుగా సీసాని ఎడమచేతికి మార్చుకుంది.

రజిత అది చూసింది.

“నిన్నెవరూ దింపలేదా, అమ్మమ్మా?”

కుమారమ్మ సీసాని మనవరాలి చేతిలో పెట్టి, నేలమీద కూలబడి, తన కుడి భుజం ఆ పిల్లవైపు తిప్పింది.