ఇంట్లో ఉన్నట్టే

"మంగళవారం హాల్లో లైటు ఎన్నింటికి ఆర్పుతావు?" అడిగాడు భర్త, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

బస్సుకి టైమైపోతోంది. ఆవిడ సంచీ భుజాన తగిలించుకుని, చెప్పులు కూడా వేసేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"మంగళవారానికి మనం ఇంట్లోనే ఉంటాం. శనివారానికీ ఆదివారానికీ ఏదో ఒకటి పెట్టి లేవండి."

"వారం మొత్తం నింపితే గానీ సేవ్ కాదు. పైగా రోజూ ఒకే టైముకి వెలిగి ఒకే టైముకి ఆరితే దొంగకి అనుమానం రాదూ? శనివారం ఉన్నట్టు ఆదివారం ఉండకూడదు. మనుషులున్న ఇల్లులా ఉండాలి."

"మనుషులున్నప్పుడే అలా ఉండి చావడం లేదు."

ఆవిడ బాధ ఆవిడది. నెల కిందట ఈయన స్విచ్చులన్నీ మార్పించి ఫోనుకి తగిలించిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఏ దీపం ఎప్పుడు వెలుగుతుందో దేవుడికి కూడా తెలియడం లేదు. మొహాన సబ్బు రాసుకుని ఉండగా బాత్రూం చీకటైపోయింది. మధ్యాహ్నం కాస్త కునుకు పట్టే వేళకి టీవీ తనంతట తనే లేచి వార్తలు చదివింది. అడిగితే ఆయన, "టైములు కొంచెం సర్దాలి" అంటాడు. ఆ సర్దడం పూర్తయ్యేలోగా తనకి పిచ్చెక్కడం ఖాయమని ఆవిడ ఎప్పుడో తేల్చుకుంది.

"మనం ఎక్కడికి వెళ్తున్నామో గుర్తుందా?"

"మీ అక్కయ్య దగ్గరికి."

"మూడేళ్ళయింది మాటల్లేక. 'చచ్చినా నీ గడప తొక్కను' అని వెళ్ళిపోయిన మనిషి. ఫోన్లో అయితే మళ్ళీ మాటా మాటా పెరుగుతుంది, నువ్వే వెళ్ళి ఎదురుగా నిలబడు, అదే మెత్తబడుతుంది అంది పిన్ని. నాకు ఇవాళ ఆ ధైర్యం వచ్చింది. రేపటికి ఉంటుందన్న నమ్మకం లేదు. లేస్తారా, నేనొక్కదాన్నీ పోనా?"

"అయిపోయింది. ఇదిగో, శనివారం సాయంత్రం హాల్లో లైటు, టీవీ. నువ్వు సీరియల్ చూస్తున్నట్టు. ఏడున్నరకి రెండూ ఆఫ్. పడుకున్నట్టు."

"ఏడున్నరకి పడుకునేది ఎవరండీ?"

"సరే, భోజనానికి లేచినట్టు."

తలుపు లాగగానే దానంతటదే తాళం పడింది. బయట కప్ప లేదు, గొళ్ళెం లేదు. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, పెళ్ళికూతుర్ని చూసుకున్నట్టు ఆ తలుపుని చూసుకున్నాడు.

"ఎదురింటి టీచరమ్మకి ఊరెళ్తున్నామని చెప్పి రానా?"

"చెప్పేస్తే ఇంక ఇదంతా ఎందుకు? పద పద."

పడుతూ లేస్తూ బస్సు అందుకున్నారు. దారి పొడుగునా ఆవిడ అక్కతో ఏమనాలో లోపల్లోపలే చెప్పుకుంటూ పోయింది. కోపంగా మొదలుపెడితే ఎలా ఉంటుంది, ఏడుపుతో మొదలుపెడితే ఎలా ఉంటుంది. చివరికి ఏమీ అనకుండా వెళ్ళి కావిలించుకుందాం అనుకుంది.

అక్క ఇంటికి తాళం వేసి ఉంది.

"పొద్దున్నే బ్యాగు పట్టుకుని వెళ్ళారండీ. ఎక్కడికో చెప్పలేదు" అన్నాడు కింది వాటా ఆయన.

చీకటి పడేదాకా ఆవిడ ఆ మెట్ల మీదే కూర్చుంది. రాత్రికి లాడ్జిలో దిగారు. తెల్లారి మళ్ళీ వెళ్ళి చూస్తే అదే తాళం.

"పిన్ని నోట్లో నువ్వుగింజ నానదుగా. నేనొస్తున్నానని ముందే ఊదేసి ఉంటుంది. నా మొహం చూడ్డం ఇష్టంలేక ఇల్లే వదిలి పోయింది."

"ఏదో పని పడి ఉంటుందిలే."

"మీరు సర్దకండి. మీరు సర్దినవన్నీ చూస్తూనే ఉన్నాను." బస్టాండులో అంతమంది ముందూ ఆవిడకి ఏడుపు ఆగలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఇంక నాకు అక్క లేదు" అంది. ఆయన మొదటిసారిగా ఫోను జేబులో పెట్టేసి, ఆవిడ సంచీ కూడా తనే అందుకున్నాడు.

ఆదివారం సాయంత్రం ఇల్లు చేరేసరికి హాల్లో లైటు వెలుగుతోంది. కిటికీలోంచి టీవీలో ఎవరో పకపకా నవ్వుతున్నారు. ఆయన మొహం విప్పారింది గానీ, భార్య వైపు చూసి మాట మింగేశాడు.

గేటు తీస్తుంటే ఎదురింటి టీచరమ్మ రోడ్డు దాటి వచ్చింది. మొహం ముడుచుకుని ఉంది.

"ఇప్పటికి బయటికొచ్చారా? సంచులతో ఎక్కడికమ్మా ప్రయాణం?"

"ఎక్కడికీ కాదండీ, ఊర్నించి ఇప్పుడే వస్తున్నాం. నిన్న పొద్దున వెళ్ళాం" అంది ఆవిడ నీరసంగా.

టీచరమ్మ ఆవిడనీ, వెలుగుతున్న కిటికీనీ మార్చి మార్చి చూసింది. "మరి నిన్న లోపల ఉన్నదెవరు?"

"ఎవరూ లేరండీ." ఇంక ఆయన వల్ల కాలేదు. "అంతా ఈ ఫోనే. రోజూ చూసే మీరే కనిపెట్టలేకపోయారంటే ఇంక దొంగ ఏం కనిపెడతాడు?"

టీచరమ్మ నవ్వలేదు.

"నిన్న సాయంత్రం ఒకావిడ వచ్చి మీ బెల్లు కొట్టీ కొట్టీ వెనక్కి తిరిగింది. నేనే పట్టి ఆపాను, లోపలే ఉన్నారమ్మా, టీవీ మోగుతోందిగా అని. ఎవరో పిన్ని వెళ్ళమంటే వచ్చిందట. పాపం, ఆ కిటికీ ఊచలు పట్టుకుని, 'తొక్కనన్న గడప తొక్కాను, ఇంకెంత దిగమంటావే, ఒక్కసారి తలుపు తియ్యి' అంది."

ఆవిడ గేటు పట్టుకుంది. "అని?"

"అనేం లేదమ్మా. అలా అందో లేదో, టీవీ ఆగిపోయి హాల్లో లైటు ఆరిపోయింది."