చుట్టుకునే గౌను

"ఇది ఎవరిది?" కుట్టు మిషన్ మీదున్న గౌను అంచు పట్టుకుని అత్త ఓబక్క అడిగింది.

"నాదే అత్తా. ఫోన్‌లో చూసి కుట్టినా. గుండీలుండవు. ఒంటికి చుట్టుకోని నడుముకాడ కట్టుకునేదే."

"ఇది ఏసుకోని యాడికి పోతావు?"

కోడలు సవిత మిషన్ మీది దారం ముక్కలు ఏరసాగింది. సోలార్ పార్కులో ప్యానెళ్లు తుడిచే పనికి పోతానంటే భర్త నందీష్ వద్దన్నాడు. ఇంట్లోనే ఉండమని ఈ మిషన్ కొనిచ్చాడు. తనకు కాపలాగానే అత్త రోజంతా గుమ్మంలో కూర్చుంటుందని సవిత నమ్మకం.

"సేను ఉన్నన్నాళ్లు పొద్దున్నే సెనక్కాయ కలుపుకు పోతా ఉంటి," అంది ఓబక్క. "దాంట్లో ప్యానెళ్లు పెట్టినాక, నేను బయటికి పోతానన్నా 'ఏం పనుండాది నీకు?' అంటాడు నీ మొగుడు. ఈడే కూర్చోని దోవ చూస్తా ఉండా."

సవిత మొదటిసారి అత్త ముఖంలోకి పరీక్షగా చూసింది.

"లెయ్యత్తా," అని ఆమెను నిలబెట్టి, చీర మీదే గౌను చుట్టి నాడా ముడివేసింది. ఓబక్క సిగ్గుపడుతూ నాలుగడుగులు వేసింది.

బయట నందీష్ బైకు ఆగింది. సవిత గబగబా ముడి విప్పబోయింది.

"ఉండనీ," అంటూ ఓబక్క ఆమె చెయ్యి పట్టుకుంది. గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. అయినా వదల్లేదు.