సముద్రం పాలైన బియ్యం

మొదటి అలే భాగీరథి చెప్పు ఎత్తుకుపోయింది.

"పోనీ తియ్. సముద్రానికి గూడ కాళ్లున్నయేమో!" అని సదాశివ పగలబడి నవ్వాడు.

జహీరాబాద్‌లో వాగు దాటడానికే జంకే మనిషి, అలీబాగ్‌లో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి పెళ్లాంతో పరాచికాలాడుతున్నాడు. బొంబాయి మార్కెట్లో అల్లం మంచి ధరకు పోయింది. ఆ సంబరంలో కొత్త పెళ్లాన్ని లాంచీ ఎక్కించి సముద్రం చూపించడానికి తెచ్చాడు.

ఒడ్డున గుర్రబ్బండి ఆపుకున్న పెద్దాయన ఒకడు నడుం లోతుకు దిగి ఆ చెప్పు పట్టుకొచ్చాడు. నెరిసిన గడ్డం. ఎడమ చెవి తమ్మె చీలి రెండుగా వేలాడుతోంది.

"తొడుక్కో బిడ్డా. మీ మాట మా దిక్కు మాట లెక్కనే ఉన్నది. ఏ ఊరు?"

ఊరుగాని ఊళ్లో తెలుగు వినేసరికి భాగీరథికి ప్రాణం లేచొచ్చింది.

"జహీరాబాద్, పెద్దనాయినా. మా తల్లిగారిది ఝరాసంగం."

ఆయన ఇద్దరినీ బండెక్కించుకున్నాడు. నీళ్లు వెనక్కి పోయిన తడి ఇసుక మీదుగా సముద్రంలో ఉన్న కోట దాకా తోలుతూ, దసరాకు తానూ ఊరికి పోదామనుకుంటున్నానని చెప్పాడు. మాటిమాటికీ వెనక్కి తిరిగి భాగీరథినే చూస్తున్నాడు.

"ఝరాసంగంల ఎవరి బిడ్డవు?"

"ఎంకమ్మ బిడ్డను."

ఆయన పగ్గం లాగాడు. గుర్రం ఆగింది.

"మరి మీ నాయిన?"

భాగీరథి ఓరకంట మొగుణ్ని చూసింది. పెళ్లికి ముందు తల్లి చిలక్కు నేర్పినట్టు నేర్పిన మాట ఒకటుంది. అది తప్పితే అత్తగారింట్లో తన బతుకు బుగ్గిపాలే.

"నాయిన లేడు. కరువుకు బొంబాయి పోయి సచ్చిపోయిండు. పెత్రమాసకు, సచ్చిన పెద్దలకిచ్చినట్టు, ఆయన పేరు మీద బియ్యం ఇచ్చినం. నన్ను కన్న అవ్వ బొట్టు తీసేసింది."

"మంచిది బిడ్డా," అని ఆయన మళ్లీ పగ్గం వదిలాడు.

కోట చూసి తిరిగి ఒడ్డుకొచ్చి దిగేటప్పుడు సదాశివ మర్యాదకు పిలిచాడు. "దసరాకు వస్తే మా ఇంటికి రా, పెద్దమనిషీ."

"ఇగ రాను పటేలా. ఆడ నాకెవరున్నరు?"

కిరాయి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ఎదురుగా ఉన్న కిరాణా కొట్లోకి పోయి, పసుపు కలిపిన బియ్యం, ఒక ఎండుకొబ్బరి కుడుక తెచ్చాడు.

"కొంగు పట్టు, బిడ్డా."

రెండు చేతులా పోశాడు. పోసి, వెనక్కి చూడకుండా బండి తోలుకుపోయాడు.

సదాశివ ముఖంలో నవ్వు మాయమైంది.

"ముక్కు మొకం తెల్వనోడు పసుపు బియ్యం పోసుడేంది? పైసలు గూడ తీసుకోలే. ఏం మందు పెట్టిండో! నిన్ను తినేటట్టు చూసిండు, నేను చూడలేదనుకున్నవా? పారబొయ్యి!"

ఆ మాటతో భాగీరథికీ ఒళ్లు జలదరించింది. కొంగంతా సముద్రంలో దులిపేసి చేతులు కడుక్కుంది.

జహీరాబాద్ చేరిన మర్నాడు, సముద్రం ముచ్చట్లు వినాలని ఎంకమ్మ కూతురింటికి వచ్చింది. ఉతకడానికి కూతురి చీర మడత విప్పుతుంటే కొంగు కుచ్చుల్లో నాలుగు పసుపు గింజలు చిక్కుకుని కనిపించాయి.

"గివి యాడివే?"

భాగీరథి నవ్వుతూ అంతా చెప్పింది. ఎంకమ్మ నవ్వలేదు.

"ఆయనకు ఎడమ చెవి చీలి ఉన్నదా?"

"ఉన్నది. నీకెట్ల ఎరుక?"

ఎంకమ్మ చెయ్యి బోసి నుదుటి మీదికి పోయింది. పక్కగదిలో అల్లుడున్నాడు. గొంతు తగ్గించింది.

"పుట్టింటోళ్లు తప్ప ఒడిబియ్యం ఎవరు పోస్తరే? నీకు ఊహ తెల్వకముందే ఇల్లిడిసి పోయిండు. అట్ల పారిపోయినోని బిడ్డను ఎవరూ చేసుకోరని, నీ పెళ్లికోసం మనమే సంపుకున్న మీ నాయిన, ఆయన."