సగంలో ఆగిన అప్‌గ్రేడ్

“ఇవాళ రిజిస్ట్రేషన్ జరగదండీ. కంప్యూటర్ మొరాయించింది,” అన్నాడు రిజిస్ట్రారు.

ఎదురుగా నిలబడ్డ అతనూ ఆమె, ఇద్దరి ముఖాలూ వాడిపోయాయి. ఈ తేదీ దొరకడానికే తల ప్రాణం తోకకొచ్చింది. ఇద్దరికీ మళ్ళీ ఒకే రోజు సెలవు దొరకడం కల్ల. పని ఇవాళే తేలిపోవాలి.

“ఏమైందండీ?” అంది ఆమె.

“డేటాబేస్ అప్‌గ్రేడ్ చెయ్యమని నొక్కాను. సగంలో చతికిలబడింది. ఈ లైనక్స్ సంగతి తెలిసినాయన ఊళ్ళో లేడు.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరిదీ అదే పని. అసలు పరిచయమైందే ఓ పాడైన సర్వర్ ముందు.

“మేం చూడమంటారా?” అన్నాడతను.

“చూసి పుణ్యం కట్టుకోండి బాబూ!”

మరుక్షణం అతను కుర్చీలో ఉన్నాడు. ఆమె పక్కకి స్టూలు లాక్కుంది.

“డేటాబేస్ ప్యాకేజీ పీకేసి మళ్ళీ వేసేద్దాం,” అన్నాడు.

“నీకన్నీ పీకెయ్యడమే! లోపల ఊరందరి వివరాలూ ఉన్నాయి. ముందు లాగ్ చదువు, ఎక్కడ ఆగిందో అందులో రాసుంటుంది.”

“నువ్వే చదువు. నేను చదివితే వంకలు పెడతావ్.”

చదివి పకపకా నవ్విందామె. “పాత డేటాబేస్ ఇంకా నడుస్తోంది మహానుభావా! అది కదిలితేగా కొత్తది లేచేది!”

అతను పాతదాన్ని ఆపాడు. ఆమె పట్టుబట్టి డేటాకి నకలు తీయించింది. ఆగిన పని పూర్తి చెయ్యమని ఆజ్ఞ ఇచ్చారు. తెర మీద అక్షరాలు జరజరా పరుగెత్తాయి. మళ్ళీ ఎర్రర్!

“పాత సెట్టింగ్ ఒకటి దీనికి గిట్టడం లేదు,” అన్నాడతను.

“చెరిపెయ్యకు. పక్కన పెట్టు, చాలు.”

పక్కన పెట్టాడు. ఈసారి డేటాబేస్ బుద్ధిగా లేచి కూర్చుంది.

ఆమె ఎగిరి అతని వీపు మీద ఒక్కటిచ్చింది. అతను కుర్చీతో సహా గిర్రున తిరిగాడు. టీ తెచ్చిన అటెండరు ట్రే కింద పెట్టి చప్పట్లు కొట్టాడు.

“మీ ఇద్దరిదీ భలే జోడీ సార్!”

ఇద్దరికీ నవ్వు ఆగడం లేదు. ఒళ్ళు గాల్లో తేలిపోతున్నట్టుంది. ఎన్నాళ్ళయిందో ఇంత సంతోషంగా ఉండి!

పక్క టేబుల్ మీది కంప్యూటర్ ముందు రిజిస్ట్రారు కళ్ళజోడు సర్దుకున్నాడు.

“రండి, ఇక మీ విడాకుల పత్రం నమోదు చేసేద్దాం,” అని ఆయన పిలవగానే, అతను డేటాబేస్‌ని ఆపే కమాండ్ టైపు చేశాడు, ఆమె ఎంటర్ నొక్కింది.