గోడకున్న ఇనుప కడియం

"బానిసల్ని గొలుసులతో కట్టేసింది దీనికే," అని గోడకున్న ఇనుప కడియం చూపించాడు హోటల్ యజమాని దోన్ ఎవారిస్టో. బొగొటా నుంచి దిగినావిడ అందులో చెయ్యి దూర్చి, ఫొటోకి ఏడుపుమొహం పెట్టింది.

పక్క సర్దుతున్న పనిమనిషి నెర్లీదిస్ అది విని ఇటు తిరిగింది. పాపం, ఆవిడ మోసపోతోందని ఆమెకి జాలి వేసింది.

"అది ఉయ్యాల కట్టే కడియమమ్మా. జత ఎదురుగోడకుంది, చూడండి. మా కార్తహేనా ఊళ్లో, కోటగోడ లోపలి పాతిళ్లన్నిటికీ ఉంటాయి. ఈ గదిలో మా అమ్మమ్మ అద్దెకుండేది. మా అమ్మ ఆ ఉయ్యాల్లోనే పెరిగింది."

ఆవిడ చటుక్కున చెయ్యి లాక్కుంది.

"ఛీ, ఉయ్యాలా! నిజంగా మనుషుల్ని కట్టేసిన గది లేదా?"

"లేకేం, పైనుంది!" అన్నాడు ఎవారిస్టో. వెంటనే నెర్లీదిస్ చెవిలో గొణిగాడు.

"పరుగెత్తు. పైగదిలో ఉయ్యాల విప్పెయ్."