బాగా వచ్చేదాకా

"చూడక్కా, కరిగిపోతోంది," అంటూ చెల్లెలు ల్యాప్‌టాప్‌ను ఆసుపత్రి మంచం వైపు తిప్పింది.

కణితులు ఎలా పెరుగుతాయో కంప్యూటర్‌లో నమూనాలు కట్టి చూడటం ఆమె ఉద్యోగం. తెర మీది ఎర్రటి ముద్ద అక్క స్కానింగ్ కొలతలతో కట్టినదే. చుట్టూ కండ, రక్తనాళాలు.

"నా పొట్టలోదేనా? ఇంకోసారి చూపించు."

నిద్రలేని చెల్లెలు ఇందాక చూపించిన వీడియోనే మళ్లీ తెరవబోయి, అలవాటు కొద్దీ లెక్కను మొదటినుంచీ నడిపే మీట నొక్కేసింది. ఈసారి చుట్టూ ఉన్న రక్తనాళాలు ముద్దలోకి పాకాయి. అది మేత దొరికినట్టు పెరిగి తెరంతా నిండింది. ఆమె గబుక్కున మూత వేసేసింది.

"ఇదేమిటే?"

"రక్తనాళాలు ఎటు పాకుతాయో ప్రతిసారీ పాచికలేసినట్టు మారుతుందక్కా."

"మరి ఇందాకటిది?"

చెల్లెలు మూత మీదే చెయ్యి ఉంచింది. "బాగా వచ్చేదాకా రోజూ వేస్తూ పోయాను."

తిడుతుందనుకుంది. అక్క మాత్రం ఆమె కళ్ల కింది నలుపునే చూసింది.

"అంటే ఇన్నాళ్లూ నేను పోవడం నువ్వొక్కదానివే చూస్తూ కూర్చున్నావా, పిచ్చిదానా?" అంటూ మంచం మీద పక్కకు జరిగింది. "ఇలా వచ్చి కూర్చో. మూత తియ్యి."